తిగ్రాయన్లు అంటే ఎవరు? ఆ పేరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇథియోపియా ఉత్తరాన ఉన్న మెకెలె ఊళ్లో కొన్నేళ్లు పాఠాలు చెప్పి వచ్చాను. 2020 చివర్లో అక్కడ యుద్ధం మొదలైనప్పటి నుంచి బంధువులు, పాత సహోద్యోగులు, వార్తలు రాసే మిత్రులు నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. మన తెలుగు వార్తల్లో 'టిగ్రే' అనే ఒక్క మాటను ప్రాంతానికీ మనుషులకీ భాషకీ వాడేస్తున్నాం. దాంతో రెండు వేర్వేరు జనాలు ఒకే పేరు కింద కలిసిపోతున్నారు. నాకు అన్నం పెట్టిన ఊరు అది. అక్కడివాళ్ల పేరు సరిగ్గా పలకాలన్న పట్టుదలతో ఈ జవాబులు రాశాను.

తిగ్రాయన్లు ఎవరు?

ఇథియోపియా ఉత్తర కొసన, ఎరిత్రియాను ఆనుకుని ఉన్న ఎత్తైన కొండల ప్రాంతం తిగ్రాయ్. మెకెలె దాని రాజధాని. అక్కడ తరతరాలుగా ఉంటూ తిగ్రిన్యా భాష మాట్లాడే ప్రధాన జనమే తిగ్రాయన్లు. 2007 జనాభా లెక్కల ప్రకారం ఇథియోపియా మొత్తం జనాభాలో వాళ్లు సుమారు 6 శాతం, అంటే 45 లక్షలకు దగ్గర. ఒరోమో, అమ్హారా, సొమాలీల తర్వాత నాలుగో స్థానం వాళ్లది. ఎక్కువ మంది ఆర్థడాక్స్ క్రైస్తవులు, చాలా మందిది వ్యవసాయం. టెఫ్ అనే సన్న ధాన్యం, బార్లీ, జొన్న పండిస్తారు.

వాళ్లు తమను తాము ఏమని చెప్పుకుంటారు?

'తెగారు' అంటారు. ఇది బహువచనం. ఒక మగవాడైతే 'తిగ్రావాయ్', ఒక స్త్రీ అయితే 'తిగ్రావెయ్తి'. మొదటిసారి 'తెగారు' అని విన్నప్పుడు నా చెవికి చివర మన 'గారు' వినిపించింది. ముందున్న 'తెగ' కూడా మన మాటలాగే ఉంది. ఈ రెంటికీ తెలుగుతో ఏ సంబంధమూ లేదు, కానీ గుర్తుపెట్టుకోవడానికి మాత్రం నాకు బాగా పనికొచ్చింది.

'తిగ్రాయన్' అనేది ఇంగ్లిష్ వాళ్లు ఊరి పేరుకు తమ ప్రత్యయం తగిలించి చేసుకున్న మాట. పాత ఇంగ్లిష్ రాతల్లో 'తిగ్రియన్' అని కూడా కనిపిస్తుంది, ఇప్పుడు అది తగ్గిపోయింది. 'తిగ్రాయన్' అంటే వాళ్లకు అభ్యంతరమేమీ లేదు, ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు వాళ్లూ అదే వాడతారు.

'టిగ్రే' అని రాయాలా, 'తిగ్రాయ్' అనా?

'తిగ్రాయ్' అనే రాయాలని నా అభిప్రాయం. రెండు కారణాలున్నాయి. మొదటిది ఉచ్చారణ. అక్కడివాళ్లు పలికే మొదటి అక్షరం మన 'ట' కాదు, 'త'కే దగ్గర. ఇంగ్లిష్ అక్షరం చూసి మనం 'ట' పెట్టేశాం. చివర కూడా 'రే' కాదు, 'రాయ్' అని స్పష్టంగా సాగుతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. 'తిగ్రే' అనే పేరుతో ఎరిత్రియాలో పూర్తిగా వేరే జనం ఉన్నారు. తిగ్రాయ్‌ని 'టిగ్రే' అని రాసినప్పుడల్లా మనం ఒకరి పేరు ఇంకొకరికి పెడుతున్నాం. 'ట' అలవాటైపోయినవాళ్లు కనీసం 'టిగ్రాయ్' అని రాసినా సగం గందరగోళం పోతుంది.

తిగ్రాయ్, తిగ్రాయన్, తిగ్రిన్యా, తిగ్రే: నాలుగింటికీ తేడా ఏమిటి?

తిగ్రాయ్ అంటే నేల. తిగ్రాయన్ అంటే ఆ నేలకు చెందిన మనిషి. తిగ్రిన్యా అంటే భాష. తిగ్రే అంటే ఎరిత్రియాలోని వేరే జనం, వాళ్ల భాష కూడా.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, భాష పేరు చివర ఉన్న 'ఇన్యా' అమ్హారిక్ భాష నుంచి వచ్చింది. అమ్హారిక్‌లో భాషల పేర్లు అలాగే ఏర్పడతాయి. అమ్హారాల భాషను వాళ్లు 'అమారిన్యా' అంటారు, సొమాలీల భాష 'సొమాలిన్యా'. ఆ వరసలోదే 'తిగ్రిన్యా'. ఇప్పుడు ఆ భాష మాట్లాడేవాళ్లంతా దాన్ని ఈ పేరుతోనే పిలుస్తారు. కాబట్టి 'తిగ్రాయన్ భాష' అనడం సరికాదు. 'తిగ్రిన్యా భాష' అంటే చాలు.

తిగ్రిన్యా సెమిటిక్ కుటుంబానికి చెందిన భాష. అరబిక్, హీబ్రూలకు దూరపు చుట్టం, అమ్హారిక్‌కు దగ్గరి చుట్టం. గీజ్ లిపిలో రాస్తారు. గీజ్ ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ మాట్లాడే భాష కాదు, చర్చి ప్రార్థనల్లో మిగిలింది. మనకు సంస్కృతం ఎలాగో అలా. ఆ లిపిలో ప్రతి హల్లుకూ అచ్చును బట్టి రూపం మారుతుంది. మన గుణింతం నేర్చుకున్నవాళ్లకు అది తొందరగా పట్టుబడుతుంది. మెకెలె బజారులో బోర్డులు చదవగలిగిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

అమ్హారిక్ మాట్లాడేవాళ్లు తిగ్రాయన్లను 'తిగ్రే' అనే అంటారు కదా?

అవును, అంటారు. అమ్హారిక్‌లో తిగ్రాయ్ మనిషిని చాలాకాలంగా 'తిగ్రే' అనే పిలుస్తున్నారు. ఆ భాషలో అది మామూలు మాటే, అన్న ప్రతిసారీ తిట్టు అనుకోనక్కర్లేదు. కాకపోతే గొంతు, సందర్భం చూసి కొందరికి అది నొప్పి కలిగిస్తుంది. అడిగితే చాలా మంది 'తెగారు' లేదా 'తిగ్రాయ్ వాళ్లం' అనిపించుకోవడమే ఇష్టమంటారు. అమ్హారిక్ వాడుకను మనం తెలుగులోకి తెచ్చుకోవాల్సిన అవసరం లేదు, ఎందుకంటే మనకు ఎరిత్రియా తిగ్రేలను కూడా పేరు పెట్టి పిలవాల్సిన అవసరం ఉంది.

మరి ఆ ఎరిత్రియా తిగ్రేలు ఎవరు?

ఎరిత్రియా పడమటి పల్లపు ప్రాంతాల్లో, ఎర్రసముద్రం తీరాన ఉండే జనం. ఎక్కువ మంది ముస్లింలు. చాలా కుటుంబాలది పశువుల మీద ఆధారపడిన బతుకు. వాళ్ల తిగ్రే భాష కూడా సెమిటిక్ భాషే, గీజ్‌కు దగ్గరిదే. కానీ తిగ్రిన్యా తెలిసినవాళ్లకు అది దానంతటది అర్థం కాదు.

ఆ పేరు వెనక ఒక కష్టం కూడా ఉంది. ఆ సమాజంలో ఒకప్పుడు 'షుమగిల్లె' అని పిలిచే దొరలు, వాళ్లకు కట్టుబడి పనిచేసే జనం ఉండేవాళ్లు. ఆ కట్టుబడి జనాన్ని 'తిగ్రే' అనేవాళ్లు. 1940ల్లో బ్రిటిష్ పాలనలో ఆ దొరతనం మీద వాళ్లు పెద్ద ఎత్తున తిరగబడ్డారు. చాకిరీకి గుర్తుగా ఉన్న మాట ఇప్పుడు మొత్తం జనం పేరుగా నిలబడింది. అలా నిలబెట్టుకున్న పేరును మనం అజాగ్రత్తగా ఇంకొకరికి తగిలించడం నాకు బాధగా ఉంటుంది.

ఎరిత్రియాలో తిగ్రిన్యా మాట్లాడేవాళ్లు తిగ్రాయన్లేనా?

కాదు. అందరికంటే ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే.

ఎరిత్రియా జనాభాలో దాదాపు సగం మందికి తిగ్రిన్యా మాతృభాష. రాజధాని అస్మరా చుట్టుపక్కల ఎత్తైన ప్రాంతాల్లో ఉంటారు. ఆ దేశం గుర్తించిన 9 జాతుల్లో వాళ్ల పేరు కూడా 'తిగ్రిన్యా'యే. అంటే అక్కడ భాష పేరే మనుషుల పేరు. కానీ తిగ్రాయ్‌లో అలా కాదు. 'నేను తిగ్రిన్యా' అని మెకెలె మనిషి చెప్పుకోడు, ఆ భాష మాట్లాడతానంటాడు.

మధ్యలో మెరెబ్ నది ఉంది. దానికి రెండు వైపులా ఒకే భాష, ఒకే మతం, దాదాపు ఒకే వంట, వియ్యాలు కూడా ఉండేవి. 1889లో మెనెలిక్ చక్రవర్తి ఇటలీతో వుచాలే ఒప్పందం చేసుకున్నాడు. 1890 జనవరి 1న ఇటలీ నదికి ఉత్తరాన ఉన్న నేలను ఎరిత్రియా అనే వలసగా ప్రకటించింది. అక్కడి నుంచి దారులు వేరయ్యాయి. ఉత్తరాన 1941 దాకా ఇటలీ, తర్వాత 1952 దాకా బ్రిటిష్ సైనిక పాలన, ఆపై ఇథియోపియాతో ఫెడరేషన్, 1962లో విలీనం, 30 ఏళ్ల పోరాటం, 1993లో స్వాతంత్ర్యం. దక్షిణాన ఉన్న తిగ్రాయ్ ఇథియోపియాలోనే ఉండిపోయింది. 1998 నుంచి 2000 వరకు బద్మె అనే చిన్న ఊరి దగ్గర మొదలైన సరిహద్దు యుద్ధంలో రెండు వైపులా పదుల వేల మంది చనిపోయారు. 2020 యుద్ధంలో ఎరిత్రియా సైన్యం తిగ్రాయ్‌లోకి వచ్చింది. వచ్చినవాళ్లలో ఎందరో ఊరివాళ్ల భాషే మాట్లాడేవాళ్లు. ఇంత జరిగాక అస్మరా మనిషిని 'తిగ్రాయన్' అన్నా, మెకెలె మనిషిని 'ఎరిత్రియన్' అన్నా వాళ్ల ముఖం ఎందుకు మారుతుందో అర్థం చేసుకోవాలి.

మనకు ఇది కొత్తేమీ కాదు. హోసూరులో, బళ్లారిలో తరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. వాళ్లు తెలుగువాళ్లే, ఆంధ్రావాళ్లు మాత్రం కాదు. భాష ఒకటైనంత మాత్రాన ప్రాంతం పేరు, చరిత్ర పేరు ఒకటి కావని హైదరాబాద్‌లో ఎవరినడిగినా చెబుతారు.

తిగ్రాయ్‌లో ఉండే ప్రతి ఒక్కరూ తిగ్రాయనేనా?

ప్రాంతం లెక్కన చూస్తే అలా అనొచ్చు, జనం లెక్కన చూస్తే కాదు. ఈశాన్యాన ఇరోబ్ జనం సాహో భాష మాట్లాడతారు. వాయవ్యాన కునామా జనం ఉన్నారు, వాళ్ల భాషది సెమిటిక్ కుటుంబమే కాదు. వాళ్లను విడిగా పేరు పెట్టి చెప్పడమే న్యాయం.

మతం మాత్రం గీత కాదు. తిగ్రాయన్ ముస్లింలు సంఖ్యలో తక్కువైనా చరిత్రలో చిన్నవాళ్లు కారు. ఏడో శతాబ్దంలో మక్కా నుంచి ప్రాణభయంతో వచ్చిన తొలి ముస్లింలకు, ఈ నేల మీద వెలసిన పాత అక్సూమ్ రాజ్యపు రాజు ఆశ్రయమిచ్చాడు. ఆ జ్ఞాపకంతో ముడిపడిన నెగాష్ మసీదు తిగ్రాయ్‌లోనే ఉంది. 2020 యుద్ధంలో అది దెబ్బతింది.

ఈ పేరు ఎంత పాతది?

నేల పేరుగా చాలా పాతది. ఆరో శతాబ్దపు ఒక గ్రీకు గ్రంథానికి తర్వాతి కాలంలో చేర్చిన వ్యాఖ్యలో 'తిగ్రేతాయ్' అనే జనం ప్రస్తావన ఉంది. కానీ 'మేమంతా తిగ్రాయన్లం' అని ఒక్క గొంతుతో చెప్పుకోవడం అంత పాతది కాదు. ముందు తరాల్లో మనిషి తన సీమ పేరు చెప్పుకునేవాడు: అగామె, ఎందెర్తా, తెంబియెన్, షిరె, రాయా. ఇప్పటికీ పెద్దవాళ్లు అలాగే మాట్లాడతారు. మన దగ్గర కోనసీమ, పలనాడు, రాయలసీమ అన్నట్టే.

19వ శతాబ్దంలో ఇథియోపియాను ఏలిన నాలుగో యోహన్నెస్ చక్రవర్తి తెంబియెన్ సీమవాడు. 1889లో సుదాన్ మహదీ సైన్యంతో జరిగిన మెతెమ్మా యుద్ధంలో చనిపోయాడు. ఆయన తర్వాత అధికారం దక్షిణాన షెవాకు చెందిన మెనెలిక్ చేతికి పోయింది. ఇటలీని ఇథియోపియా ఓడించిన 1896 నాటి అద్వా యుద్ధం తిగ్రాయ్ గడ్డ మీదే జరిగినా, ఆ తర్వాతి దశాబ్దాల్లో తిగ్రాయ్ పక్కకు నెట్టబడిందన్న బాధ జనంలో పెరిగింది. ఆ బాధే సీమల పేర్లను దాటి ఒకే పేరు కిందికి వాళ్లను తెచ్చింది. 1995 రాజ్యాంగం భాషను, జాతిని బట్టి రాష్ట్రాలు ఏర్పరచడంతో ఆ పేరు కాగితాల మీదికీ వచ్చింది.

'వొయానె' అంటే ఏమిటి? వాడొచ్చా?

1943లో తిగ్రాయ్ రైతులు ఇథియోపియా చక్రవర్తి హైలె సెలాసీ ప్రభుత్వం మీద తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు పేరు వొయానె. దాన్ని అణచడానికి బ్రిటిష్ విమానాలు మెకెలె మీద బాంబులు వేశాయి. 1975లో పుట్టిన తిగ్రాయ్ ప్రజా విమోచన సంస్థ తమ పోరాటాన్ని రెండో వొయానె అని పిలుచుకుంది. అంటే ఇంట్లో అది గర్వంగా చెప్పుకునే మాట. బయట కొందరు దాన్నే తిగ్రాయ్ వాళ్లందరినీ తిట్టడానికి వాడారు.

'అగామె' కథ కూడా అలాంటిదే. అది అదిగ్రాత్ ఊరి చుట్టూ ఉన్న సీమ పేరు. ఎరిత్రియాలో కూలికి వచ్చే తిగ్రాయ్ వాళ్లను చిన్నచూపు చూస్తూ అదే మాటతో పిలిచేవాళ్లు. ఒకే మాట నదికి ఇటువైపు ఊరి పేరు, అటువైపు తిట్టు. బయటివాళ్లం మనం ఈ రెండు మాటలనూ మనుషులకు తగిలించకుండా ఉండడమే మంచిది. చరిత్ర చెప్పేటప్పుడు మాత్రం వాడక తప్పదు.

తిగ్రాయన్లు అంటే ఆ పార్టీవాళ్లేనా?

ఖచ్చితంగా కాదు. తిగ్రాయ్ ప్రజా విమోచన సంస్థ ఒక పార్టీ. 1991లో సైనిక ప్రభుత్వాన్ని కూల్చిన కూటమికి అది నాయకత్వం వహించింది. అద్వాలో పుట్టిన మెలెస్ జెనావీ ఆ పార్టీ నాయకుడిగా 2012లో చనిపోయేదాకా దేశాన్ని నడిపారు. ఆ పాలనలో అణచివేత జరిగింది, దాని మీద కోపం ఉండడానికి కారణాలున్నాయి. కానీ ఆ కోపాన్ని మెకెలెలో కాఫీ అమ్ముకునే ఆవిడ మీదికో, కొండ మీద బార్లీ కోసుకునే రైతు మీదికో మళ్లించడం ఘోరం. పార్టీ పేరుకూ ప్రజల పేరుకూ మధ్య గీత చెరిగిపోతే ఏమవుతుందో ఆ తర్వాత జరిగిన యుద్ధంలో చూశాం.

యుద్ధంలో ఈ పేరు ఎందుకంత ప్రాణాంతకమైంది?

2020 నవంబర్ మొదటి వారంలో కేంద్ర ప్రభుత్వానికీ తిగ్రాయ్ ప్రాంతీయ ప్రభుత్వానికీ మధ్య యుద్ధం మొదలైంది. 2022 నవంబర్ 2న ప్రిటోరియాలో ఒప్పందం కుదిరింది. ఆ రెండేళ్లలో ఎక్కువ కాలం తిగ్రాయ్‌లో ఫోన్లు లేవు, ఇంటర్నెట్ లేదు, బ్యాంకులు పనిచేయలేదు. నా విద్యార్థుల్లో ఎవరున్నారో ఎవరు లేరో తెలియక నేను పడిన టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఆఫ్రికన్ యూనియన్ దూత ఒలుసెగన్ ఒబసాంజో 6 లక్షల మంది వరకు చనిపోయి ఉంటారని అన్నారు.

యుద్ధభూమికి దూరంగా, దేశ రాజధాని అదిస్ అబాబాలో కూడా తిగ్రాయన్ కావడం ప్రమాదమైంది. చాలా గుర్తింపు కార్డుల మీద జాతి పేరు రాసి ఉండేది. కార్డు చూడకపోయినా పేరును బట్టి, యాసను బట్టి గుర్తుపట్టేవాళ్లు. 2021 నవంబర్‌లో అత్యవసర పరిస్థితి విధించాక ఎంతో మంది తిగ్రాయన్లను అరెస్టు చేశారు. ఆ అరెస్టులు జాతిని బట్టి జరిగినట్టు కనిపిస్తోందని ఆ దేశ మానవ హక్కుల కమిషనే ఆందోళన చెప్పింది. పేరును సరిగ్గా వాడమని నేను ఇంతగా అడగడానికి కారణం ఇదే.

టెడ్రోస్ ఇథియోపియనా, ఎరిత్రియనా, తిగ్రాయనా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అధిపతి టెడ్రోస్ అధనోమ్ గెబ్రెయెసుస్ 1965లో అస్మరాలో పుట్టారు. అప్పటికి అస్మరా ఇథియోపియాలో భాగం. కుటుంబం తిగ్రాయ్ నుంచి వచ్చినది. ఇథియోపియాలో ఆరోగ్య మంత్రిగా, విదేశాంగ మంత్రిగా పనిచేశారు. కాబట్టి ఆయన ఇథియోపియన్, తిగ్రాయన్ రెండూ. పుట్టిన ఊరు ఇప్పుడు వేరే దేశంలో ఉంది, అంతే. మన కరోనా రోజుల్లో రోజూ టీవీలో కనిపించిన మనిషి కాబట్టి, తిగ్రాయన్ అంటే ఎవరని అడిగినవాళ్లకు నేను మొదట ఆయన పేరే చెబుతాను.

పరుగు పందేలు చూసేవాళ్లకైతే లెతెసెన్బెత్ గిదేయ్ పేరు చెబుతాను. యుద్ధానికి దాదాపు నెల ముందు, 2020 అక్టోబర్‌లో, ఆమె వలెన్సియాలో 5,000 మీటర్ల ప్రపంచ రికార్డు బద్దలు కొట్టింది.

పేరు చూసి గుర్తుపట్టొచ్చా?

ఖాయంగా గుర్తుపట్టలేం. వాళ్లకు ఇంటిపేర్లు ఉండవు. మొదటిది సొంత పేరు, రెండోది తండ్రి పేరు. గిదేయ్ అనేది లెతెసెన్బెత్ తండ్రి పేరు, అందుకే ఆమెను 'గిదేయ్' అని మాత్రమే రాయడం నాకు నచ్చదు. 'గెబ్రె' అంటే సేవకుడు. గెబ్రెసెలాసీ అంటే త్రిత్వ దాసుడు, మన రామదాసు లాంటి పేరు. ఇవి గీజ్ నుంచి వచ్చినవి కాబట్టి అమ్హారాల్లోనూ ఉంటాయి. 'హగోస్' లాంటివి తిగ్రిన్యా పేర్లు. ఆ మాటకు సంతోషం అని అర్థం. కానీ అవి ఎరిత్రియాలోనూ ఉంటాయి.

హబేషా, అబిసీనియన్, హబ్షీ: ఇవి కూడా వాళ్ల పేర్లేనా?

'హబేషా' అనేది తిగ్రాయన్లు, అమ్హారాలు, ఎరిత్రియా తిగ్రిన్యా వాళ్లు కలిసి తమను చెప్పుకునే విశాలమైన మాట. విదేశాల్లో ఎక్కువగా వినిపిస్తుంది. 'అబిసీనియా' దాని నుంచి వచ్చిన పాత యూరోపియన్ పేరు, ఇప్పుడు వాడకపోవడమే మంచిది. అరబ్బీ 'హబష్' నుంచి మన దక్కనుకు 'హబ్షీ' వచ్చింది. హైదరాబాద్‌లోని హబ్సిగూడకు ఆ పేరు హబ్షీల వల్లే వచ్చిందని చెబుతారు. అయితే దక్కనుకు వచ్చిన ఆఫ్రికన్లు ఎన్నో ప్రాంతాలవాళ్లు. హబ్షీ అంటే తిగ్రాయన్ అని లెక్క కట్టకూడదు.

'టిగ్రే తెగ' అని రాయొచ్చా?

దయచేసి రాయొద్దు. అక్సూమ్ రాజ్యం ఈ నేల మీదే పెరిగింది. నాలుగో శతాబ్దంలో ఎజానా రాజు కాలానికే అక్కడ నాణేలు, శాసనాలు, సొంత లిపి ఉన్నాయి. అక్సూమ్ నుంచి 1937లో ఇటలీ పట్టుకుపోయిన పెద్ద రాతిస్తంభం 2005లో తిరిగి వచ్చింది. 24 మీటర్ల ఆ స్తంభాన్ని 2008లో మళ్లీ నిలబెట్టారు. లక్షల మంది ఉన్న, రాత ఉన్న జనాన్ని ఆఫ్రికా కాబట్టి 'తెగ' అనేస్తున్నాం. తమిళులను తెగ అని రాస్తామా? 'తిగ్రాయ్ ప్రజలు' అనండి, 'తిగ్రాయన్లు' అనండి, మాట్లాడేటప్పుడు 'తిగ్రాయ్ వాళ్లు' అనండి. అన్నీ బాగానే ఉంటాయి.

ఎవరైనా పరిచయమైతే ఏమని అడగాలి?

మన దగ్గర చదువుకోవడానికి ఇథియోపియా నుంచి విద్యార్థులు వస్తూనే ఉన్నారు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇది తెలుసు. కలవగానే 'మీరు తిగ్రాయనా, అమ్హారానా' అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న వేసినవాళ్ల చేతిలో తుపాకీ ఉన్న రోజులు వాళ్లు చూసి ఉండొచ్చు. 'మీది ఏ ఊరు' అని అడగండి. చెప్పాలనిపిస్తే మిగతాది వాళ్లే చెబుతారు.

మెకెలె అనో, అద్వా అనో, అదిగ్రాత్ అనో జవాబు వస్తే, మగవాడైతే 'కెమెయ్ అలెకా' అనండి, ఆడమనిషైతే 'కెమెయ్ అలెకీ'. ఎలా ఉన్నావని అర్థం. పెద్దవాళ్లయితే 'కెమెయ్ అలెకుమ్'. విశాఖలో ఒక అబ్బాయితో నేను ఇలా అంటే, చేతిలో ఉన్న పుస్తకాలు పక్కన పెట్టి, నా రెండు చేతులూ పట్టుకుని 'యెకెన్యెలెయ్' అన్నాడు. ధన్యవాదాలని అర్థం. తర్వాత గంటసేపు తన ఊరి గురించి చెబుతూనే ఉన్నాడు.